దినచర్యలో సమతూకం - ఉద్యోగి ఆరోగ్యం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నెల క్రితం ఫోను చేశారు. "నేను డాక్టరును కాను గదండీ" అన్నాను. "డాక్టర్ల చేత ఏటా చెప్పిస్తూనే ఉన్నామండీ. ఉప్పు తగ్గించమంటారు, నడవమంటారు. మనవాళ్ళు శ్రద్ధగా విని, భోజనాల దగ్గర రెండో మైసూరుపాకు అడుగుతారు. ఈసారి అనుభవించినవాళ్ళ చేత చెప్పిద్దామని కమిటీలో అనుకున్నాం" అన్నారు. ఆ అర్హత మాత్రం నాకుంది. మా ఇంట్లో అనుభవించినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. రెండో మనిషి, అంటే మా శ్రీమతి, మూడో వరుసలో కూర్చుని ఉంది. ఆవిడ అనుమతి తీసుకునే ఈ సంగతులు చెబుతున్నాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పే పనైతేనే చెప్పండి" అన్నది ఆవిడ పెట్టిన షరతు.

నేను 1974 లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఆ రోజులు ఇక్కడున్న చాలామందికి తెలిసినవే. కంప్యూటర్లు లేవు. లెడ్జర్లు, ఓచర్లు, డే బుక్కు, అంతే. సాయంత్రం కౌంటరు మూసిన తరువాత జమాఖర్చులు రెండూ సరిపోవాలి. ముప్పై పైసలు తేడా వచ్చినా ఇంటికి వెళ్ళేది లేదు. వచ్చిన తేడా తొమ్మిదితో సరిగ్గా భాగింపబడితే, ఎక్కడో ఎవరో 54 ను 45 గా ఎక్కించి ఉంటారని గ్రహించి, ఆ తీగ పట్టుకుని వెతికేవాళ్ళం. అర్ధ సంవత్సరపు లెక్కలప్పుడు కోడికూత వేళకు ఇల్లు చేరినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఆ శ్రద్ధకు మనం సిగ్గుపడనక్కరలేదు. పరుల సొమ్ము మన చేతిలో ఉండేది మరి.

అయితే ఊరందరి లెక్కలూ పైసలతో సహా సరిచూసిన నేను, నా ఇంట్లో రోజుకున్న ఇరవైనాలుగు గంటల లెక్క మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఆ చూడకపోవడం ఏ ఫలితాన్నిచ్చిందో చెప్పడానికే ఇప్పుడు మీ ముందు నిలబడ్డాను.

అసలు ఒత్తిడి అంటే ఏమిటి?

మన చిన్నతనంలో ఈ మాట ఇంతగా వినలేదు. "బెంగ పెట్టుకున్నాడు", "మనాది పట్టుకుంది" అనేవారు. వైద్యశాస్త్రంలో దీనికి పునాది వేసినవాడు హాన్స్ సెల్యీ. ఈయన హంగేరీకి చెందిన శాస్త్రవేత్త, కెనడాలోని మాంట్రియల్ లో పరిశోధన చేశాడు. రకరకాల బాధలకు గురిచేసిన ఎలుకలలో, బాధ ఏదైనా సరే, శరీరంలో ఒకే విధమైన మార్పులు కనిపిస్తున్నాయని 1936 లో ప్రకటించాడు. శరీరం ముందు ఉలిక్కిపడుతుంది. తరువాత తట్టుకుని నిలబడుతుంది. ఆ బాధ ఎడతెగకుండా కొనసాగితే చివరకు సత్తువ ఉడిగి కూలబడుతుంది. ఈ మూడు దశలనూ ఆయన వివరించాడు.

మనకు అర్థమయ్యేటట్టు చెప్పుకోవాలంటే, వీధిలో కుక్క వెంటపడిందనుకోండి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర ఎక్కువగా వస్తుంది. పరుగెత్తడానికి అదంతా అవసరమే. కుక్క వెనక్కు తిరిగిపోతే కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. మరి ఆ కుక్క ఇన్స్పెక్షన్ రూపంలోనో, వసూలు కాని బాకీల రూపంలోనో, మంచాన పడిన పెద్దవాళ్ళ రూపంలోనో, పిల్లల ఫీజుల రూపంలోనో ఏళ్ళ తరబడి వెంటపడుతూనే ఉంటే? సర్దుకోవడానికి శరీరానికి సందు దొరకదు. రక్తపోటు, నిద్రలేమి, గుండెజబ్బు అలాంటి చోట పెరుగుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రతి జబ్బునూ ఒత్తిడి ఖాతాలో రాయడం సరికాదు. 1980 ప్రాంతంలో నాకు కడుపులో పుండు వచ్చింది. "బ్యాంకు ఉద్యోగం గదా, టెన్షన్" అన్నారందరూ. నేనూ నమ్మాను. పదిహేనేళ్ళ పాటు పాలు, మజ్జిగ, తెల్లటి మందునీళ్ళు తాగుతూ గడిపాను. చాలా కడుపు పుండ్లకు మూలం ఒక సూక్ష్మజీవి అని 1982 లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు వైద్యులు కనిపెట్టారు. అందుకు 2005 లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైద్యం మా ఊరికి వచ్చాక కొద్దివారాల మందులతో నా పుండు మానిపోయింది. కనుక జబ్బు చేస్తే ముందు పరీక్ష చేయించుకోవాలి. ఒత్తిడి అని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు.

పని ఎక్కువైతేనే జబ్బా?

చాలాకాలం నేను అలాగే అనుకున్నాను. పని ఎక్కువ ఉన్నవాడికే జబ్బు, పెద్ద బాధ్యత ఉన్నవాడికే గుండెపోటు అని. మేనేజరు కుర్చీలో కూర్చున్నాక ఆ నమ్మకం మరీ బలపడింది. నాకు బి.పి. ఉందని తెలిసిన రోజున నలుగురికీ కాస్త గొప్పగానే చెప్పుకున్నానేమో కూడా!

లండన్ లో ప్రభుత్వ ఉద్యోగుల మీద జరిగిన పరిశోధన ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. వైట్ హాల్ అనేది అక్కడి సచివాలయాలున్న వీధి. అక్కడ 1967 లో సుమారు 18 వేల మంది పురుష ఉద్యోగులతో ఒక అధ్యయనం మొదలైంది. గుండెజబ్బుతో ఎక్కువగా పోతున్నది పై అధికారులే అయి ఉండాలని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే, అట్టడుగు స్థాయిలో ఉన్న అటెండర్ల వంటి వారిలో గుండెజబ్బు మరణాలు పై అధికారులలో కంటే దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. సిగరెట్లు, బి.పి. వంటి వాటిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగానికే సమాధానం దొరికింది. మైకేల్ మార్మట్ అనే ఆచార్యుడి నాయకత్వంలో 1985 లో రెండో అధ్యయనం మొదలుపెట్టారు. అందులో 10,308 మంది ఉన్నారు, స్త్రీలు కూడా ఉన్నారు. తన పని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది.

మన బ్రాంచీలనే గుర్తుచేసుకోండి. మేనేజరు గారికి పని ఉంటుంది, కానీ మధ్యాహ్నం తలుపు మూసుకుని పది నిమిషాలు కళ్ళు మూసుకుంటే అడిగేవాడు లేడు. అటెండరు ఎవరు బెల్లు కొడితే వారి దగ్గరకు పరుగెత్తాలి. టీ తాగడానికి కూడా ఒకరిని అడగాలి. గంటలు ఒకటే అయినా ఆ గంటల మీద అధికారం ఒకటి కాదు.

గంటల సంగతిని మాత్రం వదిలేయడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021 లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చితే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువగా ఉంటుందట. అలా 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది మరణించారని లెక్కగట్టారు. జపానులో అతిపనితో వచ్చే చావుకు 'కరోషి' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. దాన్ని నివారించడానికి 2014 లో వారు చట్టం కూడా చేసుకున్నారు.

మూడో ఎనిమిది గంటలు

రోజును మూడు భాగాలు చేయాలన్న ఆలోచన పాతదే. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, మిగిలిన ఎనిమిది గంటలు మనిషి సొంతానికి అని ఇంగ్లండులో రాబర్ట్ ఓవెన్ 1817 లోనే ప్రచారం చేశాడు. 1886 మే నెలలో చికాగోలో కార్మికులు ప్రాణాలకు తెగించింది దీనికోసమే. 1919 లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసుకున్న మొట్టమొదటి ఒడంబడిక కూడా పని గంటల మీదే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది.

దాదాపు అదే కాలంలో, వైద్యం వైపు నుంచి కూడా ఇదే మాట వినిపించింది. అమెరికాలో అడాల్ఫ్ మేయర్ అనే మనోవైద్యుడు పని, ఆట, విశ్రాంతి, నిద్ర అనే నాలుగూ తమలో తాము ఒక లయలో నడవాలనీ, ఇక్కట్లలో సైతం ఆ నాలుగింటినీ మనిషి సరితూచుకోగలగాలనీ 1922 లో ప్రచురించిన వ్యాసంలో రాశాడు. పక్షవాతం వచ్చినవారికి చేతిపనులు నేర్పి కోలుకునేలా చేసే వైద్యం ఒకటి ఉంది గదా, ఆ వైద్యానికి ఈ ఆలోచనే పునాదిరాళ్ళలో ఒకటి.

నాలుగు కాళ్ళ మంచం లాంటిది ఇది. ఒక కాలు పొట్టిదైతే మిగిలిన మూడూ ఎంత గట్టివైనా మంచం కుదురుగా ఉండదు. అయితే నేను చెప్పవలసిన అసలు సంగతి దీని తరువాత ఉంది. నా మంచం కాళ్ళు సరిగ్గానే ఉండేవి. అవి ఎవరి మంచం కాళ్ళు కోసి తెచ్చి అతికించినవో నేను చూసుకోలేదు.

మా ఇంటి లెక్క

1989 లో నన్ను మేనేజరుగా పొరుగు జిల్లాలో ఒక బ్రాంచికి వేశారు. కుటుంబం తెనాలిలో ఉంది. మా శ్రీమతి అక్కడే హైస్కూలులో లెక్కల టీచరు. ఇద్దరు పిల్లలు. మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. నేను శనివారం రాత్రి బస్సుకు వచ్చి, సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవాణ్ణి. వారమంతా కష్టపడ్డాను గదా, ఆదివారం నాకు విశ్రాంతి. పొద్దెక్కి లేవడం, పేపరు, మధ్యాహ్నం కూరతో భోజనం, ఒక కునుకు, సాయంత్రం స్నేహితులతో పేకాట. వారం రోజుల మాసిన బట్టలు ఒక సంచిలో తెచ్చేవాణ్ణి. వెళ్ళేటప్పుడు అదే సంచిలో ఇస్త్రీ బట్టలు ఉండేవి.

1992 లో ఒక మధ్యాహ్నం మా శ్రీమతి క్లాసులో నల్లబల్ల మీద లెక్క రాస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. బి.పి. 180 పైన ఉంది. మాకు చూసే డాక్టరు గారు పెద్దాయన. ఆయన మాత్రలు రాసి ఇచ్చి, "అమ్మా, ఒక పని చేయండి. వారం రోజుల పాటు నిద్ర లేచిన దగ్గరనుంచి పడుకునేదాకా ఏ టైముకు ఏం చేశారో ఒక కాగితం మీద రాసుకురండి" అన్నారు. లెక్కల టీచరు గదా, గళ్ళు గీసి మరీ రాసింది.

ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. నాలుగున్నరకు లేవడం, నీళ్ళు పట్టడం. అయిదింటికి అత్తగారికి శుభ్రం చేయడం, పక్క మార్చడం. తరువాత వంట, పిల్లల క్యారియర్లు. ఎనిమిదింటికి అత్తగారికి టిఫిన్ తినిపించడం, పనిమనిషికి అప్పగింతలు. తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా బడి. వస్తూ కూరలు. ఆరింటికి పిల్లల చదువు. వంట, గిన్నెలు. తొమ్మిది తరువాత పేపర్లు దిద్దడం. పదకొండుకు పడుకోవడం. రాత్రి అత్తగారు పిలిస్తే ఒకసారో రెండుసార్లో లేవడం. ఆదివారం గడిలో మాత్రం ఆవిడ ఇంకో రెండు వరుసలు ఎక్కువ గీసుకోవలసి వచ్చింది. నేను వచ్చే రోజు అది.

డాక్టరు గారు ఆ కాగితం నా చేతికిచ్చి, "మేనేజరు గారూ, ఇందులో ఈవిడ టిఫిన్ ఎక్కడ తిన్నారో చూపించండి" అన్నారు. వెతికాను. ఏడు రోజులలో రెండు రోజులు ఉంది. తేడా పట్టుకోవడంలో బ్రాంచిలో నన్ను మించినవాడు లేడని పేరు. ఆ కాగితం మీద ఉన్న తేడా ఆయన చూపించేదాకా నాకు కనపడలేదు.

"మీరూ ఒక కాగితం రాయండి" అన్నారాయన. రాశాను. నా వారంలో పని గంటలు ఎక్కువే. కానీ నిద్ర ఉంది, పేకాట ఉంది, బస్సులో కునుకు ఉంది, బ్రాంచి మూశాక వీధి అరుగు మీద కబుర్లు ఉన్నాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఏ గుమాస్తాకైనా అర్థమవుతుంది. నా కాగితంలో జమ అయిన ప్రతి విశ్రాంతీ ఆవిడ కాగితంలో ఖర్చు పడింది.

మరి నేనేం చేశానని మీరు అడగవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెబుతానని మాట ఇచ్చాను. ఒక మిక్సీ కొన్నాను. "దగ్గరకు ట్రాన్స్ఫర్ వచ్చాక అన్నీ చూసుకుందాం" అన్నాను. పేకాట మానలేదు. బట్టల సంచి మానలేదు.

ట్రాన్స్ఫర్ రాకముందే, 1999 లో, మా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆవిడ వయస్సు నలభై ఆరు. ఆస్పత్రిలో అడిగారు, "బి.పి. మాత్రలు వేసుకుంటున్నారా?" అని. వేసుకోవడం లేదు. డాక్టరు గారు టిఫిన్ తిని మాత్ర వేసుకోమన్నారు. టిఫిన్ తినే తీరిక ఉన్న రోజున వేసుకునేది, లేని రోజున మానేది. మాత్రల ఖరీదు మాకు భారం కాదు. మందు దుకాణం మా వీధి చివరే. కొరవడినదల్లా పొద్దున పూట పది నిమిషాలు.

పక్షవాతం ఒత్తిడి వల్లనే వచ్చిందని నేను అనను. ఆ మాట అనడానికి నేను డాక్టరును కాను. కానీ అదుపులో పెట్టుకోగలిగిన జబ్బు అదుపు తప్పింది. అదుపు తప్పడానికి కారణం ఆ గళ్ళ కాగితంలో ఏడేళ్ళ ముందే రాసి ఉంది. దినచర్యలో సమతూకం లేకపోవడం జబ్బును తెచ్చిపెట్టడమే కాదు, ఉన్న జబ్బుకు వైద్యం జరగనివ్వదు. నడకకు టైము ఉండదు, నిద్రకు టైము ఉండదు, పరీక్షకు వెళ్ళడానికి శెలవు ఉండదు.

ఆవిడ నడక తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. నల్లబల్ల మీద సుద్దముక్క పట్టుకోలేని లెక్కల టీచరు ఏం చేస్తుంది? హెడ్ మిస్ట్రెస్ కావలసిన మనిషి స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసింది. బ్యాంకు ఖాతాలో సంతకం మార్చుకోవలసి వచ్చింది. ఎడమ చేత్తో నెల రోజులు కాపీ పుస్తకంలో సాధన చేసి, కొత్త నమూనా సంతకం పెట్టింది. మన ఉద్యోగంలో ఎన్ని వేల నమూనా సంతకాలు చూసి ఉంటాం! ఆ కార్డు మీద సంతకాన్ని చూసినంతసేపు నేను మరే సంతకాన్నీ చూడలేదు.

కనిపించని పనులు

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే మీ కాలం వృథా చేసేవాణ్ణి కాను. కేంద్ర గణాంక శాఖ వారు 2019 లో దేశమంతటా ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో లెక్కగట్టారు. జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. 2024 లో మళ్ళీ లెక్క తీస్తే స్త్రీలకు 289, పురుషులకు 88. అంటే అయిదేళ్ళలో ఆడవారికి పది నిమిషాలు కలిసివచ్చాయి. మగవారు తొమ్మిది నిమిషాలు కలుపుకున్నారు. మనం ఎక్కడా నష్టపోలేదు!

స్వీడన్ దేశంలో లేనా-కారిన్ ఎర్లాండ్సన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు రోజువారీ పనులను మూడు విధాలుగా విడదీశారు. ఉద్యోగం, నిద్ర వంటి ప్రధానమైన పనులు ఒకటి. వాటి మధ్య సందుల్లో ఇరుక్కుని, ఎవరికీ కనపడకుండా జరిగిపోయే పనులు రెండు. అనుకోకుండా వచ్చిపడి అన్నిటినీ ఆపే పనులు మూడు. గ్యాస్ అయిపోయింది, బుక్ చేయాలి. పిల్లవాడికి జ్వరం, బడికి కబురు చేయాలి. ఒక్కొక్కటి అయిదు నిమిషాల పనే. అడిగితే "ఏముంది, ఊరికే కూర్చున్నాను" అంటారు. అవి మనసును ముక్కలు ముక్కలు చేస్తాయి. ఒత్తిడితో జబ్బుపడి దీర్ఘకాలం శెలవులో ఉన్న స్త్రీలకు అక్కడ పదహారు వారాల శిక్షణ ఇచ్చారు. చేసిన పని ఏమిటంటే, మా డాక్టరు గారు చేయించినదే. రోజును కాగితం మీద పెట్టించి, ఏది ఉంచాలి, ఏది మానాలి, ఏది ఇతరులకు అప్పగించాలి అని కూర్చోబెట్టి ఆలోచింపజేశారు. మామూలు పద్ధతిలో సహాయం పొందినవారి కంటే వారిలో ఎక్కువమంది తిరిగి ఉద్యోగాలకు వెళ్ళగలిగారు.

మన పిల్లల సంగతి, మన సంగతి

మన కాలంలో బ్రాంచికి తాళం వేస్తే పని బ్రాంచిలోనే ఉండేది. ఇప్పటి పిల్లలకు పని జేబులో ఉంటుంది. రాత్రి పదింటికి కూడా ఫోనులో మెసేజీ వస్తుంది, ఈ రోజు ఎన్ని ఖాతాలు, ఎన్ని పాలసీలు అని. సాఫ్ట్ వేర్ వాళ్ళకు అమెరికా పగలే మన రాత్రి. ఉద్యోగపు అలసట వల్ల మనిషి మాడిపోయే స్థితిని పనికి సంబంధించిన సమస్యగా 2019 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో వివరించింది. దాన్ని వ్యాధి అనలేదు, కానీ లెక్కలోకి తీసుకుంది. "మేం పడలేదా కష్టాలు" అని పిల్లలతో అనేముందు మనం కాస్త ఆలోచించాలి. మనం పడ్డ కష్టాలలో సగం ఇంకొకరు పడ్డారు.

ఇక మన సంగతి. పదవీ విరమణతో సమతూకం దానంతట అదే వస్తుందనుకుంటే పొరపాటు. నేను 2012 లో రిటైరయ్యాను. మొదటి ఆరు నెలలు పని అనే కాలు మొత్తం విరిగిపోయి, మంచం ఇంకో వైపు ఒరిగింది. టి.వి. చూడడం, కాఫీ అడగడం, ఇంట్లోవాళ్ళకు సలహాలివ్వడం. బి.పి. తగ్గకపోగా పెరిగింది. మరికొందరికి దీనికి విరుద్ధంగా, మనవల పెంపకం పూర్తికాలపు ఉద్యోగమవుతుంది. అరవై అయిదేళ్ళ అమ్మమ్మ అయిదింటికి లేచి క్యారియర్లు కడుతుంది. మనవలంటే ప్రేమ లేక కాదు, మోకాళ్ళు కూడా ఉన్నాయి గదా.

నా అనుభవం మీద నాలుగు సూచనలు చేస్తాను. మొదటిది, ఈ వారం ఇంటికి రెండు కాగితాలు తీసుకోండి. ఒకటి మీరు, ఒకటి మీ జీవిత భాగస్వామి, వారం రోజులు రాయండి. ఒకరిది ఒకరు చూడకుండా రాసి, ఆదివారం పక్కపక్కన పెట్టండి. రెండవది, మందు, టిఫిన్, నడక, నిద్ర అనే నాలుగూ ముందుగా గళ్ళలో రాసి, మిగిలిన పనులు తరువాత సర్దండి. మిగిలిన టైములో చూద్దామంటే ఏ రోజూ మిగలదు. మూడవది, కనిపించని పనులలో రెంటిని పూర్తిగా మీ పేర రాసుకోండి. సహాయం చేస్తాననడం వేరు, పని పుచ్చుకోవడం వేరు. సహాయం చేసేవాడికి ఇంకా ఒకరు చెబుతూ ఉండాలి. నాలుగవది, రోజులో ఒక గంట ఎవరి కోసమూ కాకుండా ఇష్టమైన పనికి ఉంచుకోండి, ఇంట్లోవారికీ ఆ గంట దక్కేటట్టు చూడండి.

మా ఇంట్లో పొద్దుటి కాఫీ, టిఫిన్, మందుల పెట్టె, బట్టలు, ఇవి నావి. ఇడ్లీ పిండి పులియడానికి ఎంతసేపు పడుతుందో అరవై ఏళ్ళు దాటాక తెలుసుకున్నాను. మా శ్రీమతి పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది, ఎడమ చేత్తో పలక మీద రాసి. ఆ గంటలో ఎవరు వచ్చినా, ఫోను మోగినా, తలుపు తీసేది నేను.

నిన్న రాత్రి ఈ ప్రసంగం ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, "లెక్క సరిగ్గానే ఉంది. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా పోస్టు చేశారు" అంది. ఆ ఆలస్యాన్ని నేను సవరించలేను. ఇక్కడున్న మీ ఇళ్ళలో, మీ పిల్లల ఇళ్ళలో సవరించుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. కాగితం, పెన్ను తప్ప దానికి ఖర్చు లేదు.

భోజనాల వేళ దగ్గరపడింది. మైసూరుపాకు ఈసారీ ఉందట, ఒక్కటే తీసుకోండి.